‘ఇతరులు’ అంటే ఏం జాబ్ మేడం?

పాఠశాల విద్యాశాఖ, ఇంటర్మీడియట్ విద్యాశాఖ అధికారులకు, గణితం పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు నమస్కారం.

నిజామాబాద్ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. పోయినేడు మా వాట్సాప్ గ్రూపులోకి ఒక గూగుల్ ఫారం వచ్చింది. పదో తరగతి పిల్లల జీవిత లక్ష్యాలు సేకరించాలట. ఎవరు తయారు చేశారన్నది ఈ ఉత్తరానికి అనవసరం. ‘మీ లక్ష్యం’ అన్న ప్రశ్న కింద ఆరు చుక్కలు: డాక్టర్, ఇంజినీర్, టీచర్, పోలీస్, కలెక్టర్, ఇతరులు. ఒక్కటే నొక్కాలి. సాయంత్రం ఐదింటిలోపు వంద శాతం పూర్తి కావాలి. మధ్యాహ్న భోజనం అయ్యాక నా ఫోనే తరగతంతా చేతులు మారింది. అంతా అయిపోవస్తుంటే వెనక బెంచీ పిల్లవాడు లేచాడు. “మేడం, ఇతరులు అంటే ఏం జాబ్?”

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. వాడు మాత్రం నవ్వలేదు. నిజంగానే అడిగాడు.

కొన్నాళ్ళకు ఆ ఫారం ఒక రంగుల బొమ్మగా తిరిగొచ్చింది. గుండ్రటి వృత్తరేఖా చిత్రం, పోలీసుకు నీలం, డాక్టరుకు ఆకుపచ్చ, ఇంకేవో రంగులు. వాటన్నిటికన్నా పెద్ద ముక్క బూడిదరంగుది. ఇతరులు. కింద ఒక వాక్యం: ‘విద్యార్థుల్లో లక్ష్యంపై స్పష్టత కొరవడింది, అవగాహన సదస్సులు అవసరం.’

మా తరగతి వరకు ఆ బూడిద ముక్కలో ఎవరున్నారో నాకు తెలుసు. నర్సు కావాలనుకున్న అమ్మాయిలున్నారు, ఎందుకంటే ఆ ఫారంలో నర్సుకు చుక్క లేదు. జేసీబీ నడుపుతానన్నవాడు, పెళ్ళికూతుళ్ళకు మేకప్ చేస్తానన్న పిల్ల, సెల్‌ఫోన్ రిపేరు షాపు పెడతానన్నవాడు, ఆర్మీకి పోతానన్న ముగ్గురు, దుబాయ్ పోతానని ముందే ఖాయం చేసుకున్న ఇద్దరు. వీళ్ళకు స్పష్టత లేకపోవడమేంటి? పోలీస్ నొక్కినవాళ్ళలో సగంమందికన్నా వీళ్ళకే ఎక్కువ స్పష్టత ఉంది. చుక్క లేనిది వాళ్ళకు కాదు, ఫారానికి. మన దేశపు జాతీయ వృత్తుల వర్గీకరణ, 2015లో సవరించింది, దాదాపు 3,600 వృత్తుల్ని పేరుపేరునా లెక్కగడుతుంది. మనమేమో ఆరు చుక్కలిచ్చి, అందులో ఒకదానికి పేరే పెట్టలేదు.

కోపంతోనే మొదలుపెట్టాను, దాచుకోవడం దేనికి. సాంఖ్యక శాస్త్రం (స్టాటిస్టిక్స్) పాఠం ఎట్లాగూ చెప్పాలి. పుస్తకంలో ఉన్న కరెంటు బిల్లుల పట్టికలు, బౌలర్లు తీసిన వికెట్ల పట్టికలు పక్కనపెట్టి, దత్తాంశం, అంటే లెక్కకు కావలసిన సమాచారం, మేమే సేకరించుకుందామన్నాను. స్టాఫ్‌రూంలో పాత సైన్స్ ఫేర్ థర్మాకోల్ షీటు ఒకటుంది. ఎడమవైపు వరసగా గుండుసూదులు గుచ్చి, అమ్మ చేసే పని, నాన్న చేసే పని రాశాం. కుడివైపు సూదులకు పిల్లలు కోరుకునే పనులు. ఎవరి దారం వాళ్ళు ఎడమ నుంచి కుడికి కట్టాలి. దారం కొనలేదు. మా ఊళ్ళో చాలా ఇళ్ళలో బీడీలు చేస్తారు, చుట్టిన బీడీకి కట్టే దారం ఉండలు ఏ ఇంట్లోనైనా ఉంటాయి. పిల్లలు అవే తెచ్చారు.

సగం దారాలు పడేసరికే బొమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది. ఎడమవైపు దారాలు ఒకే నాలుగైదు సూదుల నుంచి బయల్దేరుతున్నాయి: బీడీలు, గల్ఫ్, ఎవుసం, కూలి, ఆటో. కుడివైపు సూదులేమో ఇరవై దాటిపోయాయి. ఫారంలో బూడిదరంగు ముద్దగా కనబడినదంతా ఇక్కడ విసనకర్రలా విచ్చుకుంది. ఒకమ్మాయి దూరంగా నిలబడి చూసి, “మేడం, ఒక్కలది కూడా సీదా లేదు” అంది. అమ్మానాన్నల పనినే కోరుకున్నవాళ్ళు లేరని ఆ పిల్ల గమనింపు. తర్వాత ఒక్కడు లేచి కట్టాడు. వాళ్ళ నాన్న ట్రాక్టర్ మెకానిక్, వాడూ మెకానికే అవుతాడట. దారం తిన్నగా సాగింది. వాడు సిగ్గుపడ్డాడు. ఎందుకు సిగ్గుపడ్డాడో నన్నడగకండి, మన స్టేజీల మీది ప్రసంగాల్ని అడగండి.

ఇంకో అమ్మాయి వచ్చి రెండు దారాలు కట్టుకోవచ్చా అనడిగింది. ఎర్రదారం అమ్మకు చెప్పేది, తెల్లదారం తనకు ఇష్టమైనది. కట్టుకోమన్నాను. చూస్తుండగానే చాలామంది లేచి రెండోది కట్టారు. ఏ గూగుల్ ఫారమూ ఈ రెండో దారాన్ని పట్టుకోలేదు, ఎందుకంటే అక్కడ ఒక్క చుక్కే నొక్కనిస్తుంది. ఆ తెల్లదారాల గురించి పిల్లలతో ఆ వారంలో మాట్లాడినంత, ఇన్నేళ్ళ సర్వీసులో మాట్లాడలేదు. చివర్లో ఒకడు ఎడమవైపు మాత్రం కట్టి, రెండోకొస వేలాడదీసి వెళ్ళి కూర్చున్నాడు. వేలాడనిచ్చాం. అదీ దత్తాంశమే.

నా తప్పొకటి చెప్పాలి. మొదటిరోజు దారాలకు పేర్ల చిట్టీలు అంటించాను. ఒక పిల్ల తన చిట్టీ పీకేసింది. వాళ్ళ నాన్న గల్ఫ్ నుంచి పనిపోయి వాపసొచ్చాడు, ‘గల్ఫ్’ సూదికి కట్టాలో ‘ఏం లేదు’ అని రాయాలో ఆ పిల్లకు తెలియలేదు. తరగతి మొత్తం చూస్తోంది. పిల్లల ఇంటి సంగతి గోడకెక్కించే ముందు నేను ఆలోచించాల్సింది. మర్నాడు చిట్టీలన్నీ తీసేశాం. ఈ ముక్క మీకెందుకు రాస్తున్నానంటే, రేపు మీరు దీన్నొక కార్యక్రమం చేసి అన్ని బడులకూ పంపితే, మొట్టమొదట ‘ఫొటోలు అప్‌లోడ్ చేయండి’ అని రాస్తారని నా భయం.

ఎడమవైపు సూదుల దగ్గర ఇంకో పేచీ వచ్చింది. అమ్మ ఏం చేస్తుందంటే చాలామంది మగపిల్లలు ‘ఇంట్లనే ఉంటది’ అని రాశారు. బీడీలు చేసే తల్లులక్కూడా అదే రాశారు. అందరికీ ఒక్కో గ్రాఫు కాగితమిచ్చి, అరగంటకొక గడి చొప్పున 48 గళ్ళ పట్టీ గీయించాను. ఆదివారం ఇంట్లో కూర్చుని అమ్మ రోజు ఒక పట్టీలో, నాన్న రోజు లేదా అన్న రోజు ఇంకో పట్టీలో నింపుకురావాలి. నిద్రకు నీలం, ఇంటిపనికి పసుపు, పైసలొచ్చే పనికి ఎరుపు, తీరికకు ఆకుపచ్చ. అక్కడొక చిక్కు. బీడీ చాట ఒళ్ళో పెట్టుకుని పొయ్యి మీది అన్నం చూస్తుంటే ఆ గడికి ఏ రంగు? పిల్లలే తేల్చారు, ఐమూలగా కోసి రెండు రంగులు వేశారు. సోమవారం పట్టీలన్నీ ఒకదానికింద ఒకటి అతికిస్తే అమ్మల వరసలో ఆకుపచ్చ వెతుక్కోవాల్సి వచ్చింది. నేనేం వ్యాఖ్యానం చేయలేదు. ‘ఇంట్లనే ఉంటది’ చిట్టీలు మాత్రం ఆ రోజే మారిపోయాయి.

కేంద్ర గణాంక శాఖ 2019లో దేశమంతటా కాలవినియోగ సర్వే చేసింది. ఇంట్లోవాళ్ళ కోసం జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు అందులో గడుపుతున్నారు, అలాంటి పని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. 2024లో మళ్ళీ చేస్తే 289, 88 వచ్చాయి. ఈ అంకెలు బోర్డు మీద ముందే రాసి ఉంటే పిల్లలు నోట్సులో ఎక్కించుకుని ఊరుకునేవాళ్ళు. సొంత పట్టీ గీసుకున్నాక రాసేసరికి, ఐదేళ్ళలో మగవాళ్ళ నిమిషాలు కూడా ఎందుకు తగ్గాయని ఒకమ్మాయి నిలదీసింది. నా దగ్గర జవాబు లేదు.

ఇదంతా ల్యాబులూ ట్యాబులూ ఉంటేగానీ కాదని మీటింగుల్లో అంటుంటారు. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనకు డబ్ల్యూ. ఇ. బి. డుబోయిస్ అనే నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త, అట్లాంటా విశ్వవిద్యాలయంలోని తన విద్యార్థులతో కలిసి, సిరా, నీటిరంగులతో చేత్తో గీసిన పటాలు పట్టుకెళ్ళాడు. బానిసత్వం పోయి అప్పటికి నలభయ్యేళ్ళు కూడా కాలేదు. జార్జియా రాష్ట్రంలో నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు ఏయే పనుల్లో ఉన్నారో ఒకే వృత్తంలో పైనొక విసనకర్ర, కిందొక విసనకర్రగా గీశారు: వ్యవసాయం, ఇళ్ళలో చాకిరీ, తయారీ, వర్తకం, చదువుకున్న వృత్తులు. ఇంకో పటంలో గీత కాగితంలో పట్టకపోతే దాన్ని చుట్టలా చుట్టేశారు. ఆ గీతను చూసి మా పిల్లలు, “మేడం, వీళ్ళకు కూడా చార్టు సరిపోలే” అని సంబరపడ్డారు. ఎవరి గురించైతే లోకం నోటికొచ్చినట్టు మాట్లాడుతోందో, వాళ్ళే తమ లెక్క తాము గీసి ముందుపెట్టారు. ఆ పటాలు ఇప్పటికీ అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి.

పిల్లల కోరికలు కొద్ది ఉద్యోగాల చుట్టూ మూగడం మన పల్లెల లోపమేమీ కాదు. ఎక్కువగా సంపన్న దేశాలున్న ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ 2020 జనవరిలో అచ్చువేసిన నివేదికలో 41 దేశాల పదిహేనేళ్ళ పిల్లల జవాబులున్నాయి. ముప్పయ్యో ఏట ఏం పనిచేస్తుంటారని అడిగితే, అబ్బాయిల్లో 47 శాతం, అమ్మాయిల్లో 53 శాతం ఒకే పది ఉద్యోగాల్లో ఏదో ఒకటి చెప్పారు. అంతకు రెండేళ్ళ ముందు బ్రిటన్‌లోని ఒక సంస్థ రకరకాల దేశాల నుంచి ఏడు నుంచి పదకొండేళ్ళ పిల్లలు గీసిన 20 వేల బొమ్మలు పోగుచేసింది, పెద్దయ్యాక ఏమవుతారో బొమ్మ వేయమని. ఆ పని గురించి బడికి వచ్చి చెప్పిన మనిషి ద్వారా తెలిసిందన్న పిల్లలు నూటికి ఒక్కరు కూడా లేరు. ఇంట్లో చూసింది, టీవీలో చూసింది, అంతే.

మా పిల్లలు చూసేవి ఇంకో రెండున్నాయి. ఒకటి ఎస్సై జీపు. రెండోది ఫ్లెక్సీ.

ఫ్లెక్సీ గురించి కాస్త నింపాదిగా చెప్తాను, ఎందుకంటే మన రాష్ట్రాల్లో లెక్కల బొమ్మ అంటే జనానికి తెలిసింది అదే. ర్యాంకులొచ్చిన పూట ఫ్లెక్సీ నిండా, పేపరు మొదటిపేజీ నిండా పాస్‌పోర్టు ఫొటోలు, ఒక్కో ఫొటో పక్కన బొద్దుగా 1, 3, 4, 7. చదువుకోని తల్లి కూడా దాన్ని చదవగలదు. అంత శక్తిమంతమైన దృశ్యం అది. దాంట్లో లేనిది ఒక్కటే, హారం. ఎంతమంది రాస్తే ఇంతమంది? మా తరగతిలో ఆ హారం గీద్దామనుకున్నాం. గ్రాఫు కాగితం మీద 18 సెంటీమీటర్లు అడ్డం, 24 సెంటీమీటర్లు నిలువు తీసుకుంటే 43,200 చిన్న గళ్ళు. ఒక గడి ఒక మనిషి. 2024లో జేఈఈ మెయిన్ రాసినవాళ్ళు 14 లక్షల పైచిలుకు, అంటే 33 కాగితాలు. వరండా గోడకు ఒక్కొక్కటే అతికించుకుంటూ పోతే లెక్కల గది నుంచి హెడ్మాస్టరు గది దాకా వచ్చింది. ఆ ఏడు ఐఐటీ సీట్లు 17,740, సగం కాగితం కూడా నిండలేదు. ఎన్ఐటీల 24 వేల చిల్లర కలిపినా ఒక్క కాగితం దాటలేదు. నీట్ రాసినవాళ్ళు 23 లక్షలకు పైనే, 54 కాగితాలు. ఆ ఏడు దేశంలోని ఎంబీబీఎస్ సీట్లు అన్నీ కలిపి రెండున్నర కాగితాల చుట్టుపక్కల. 54 అతికించడానికి గోడ చాల్లేదు, మిగతావి కిందపరిచాం.

పిల్లలు నిరుత్సాహపడతారేమోనని మా సహోపాధ్యాయులు అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే మా పిల్లలు రంగువేసిన ఆ కొద్ది గళ్ళను చూడలేదు. కిందపరిచిన తెల్లకాగితాల చుట్టూ నడుస్తూ ఒకటే అడిగారు. “మరి మిగతోళ్ళంత ఏమైన్రు?”

అయ్యా, అమ్మా, నేను మీకు ఉత్తరం రాయడానికి కారణం ఈ ప్రశ్న. మిగతోళ్ళు అంటే ఎవరు? మళ్ళీ ‘ఇతరులే’. తెల్లకాగితాల్లో ఉన్నది మా బడి నుంచి వెళ్ళిన పిల్లలు. ఎంపీసీ తీసుకున్నవాళ్ళు, మధ్యలో వదిలేసి పాలిటెక్నిక్‌కు పోయినవాళ్ళు, సీఈసీ చదివి ఈరోజు బ్యాంకులో కూర్చున్నవాళ్ళు, ఐటీఐ చేసి మస్కట్‌లో వెల్డింగు చేస్తున్నవాళ్ళు. మా మండలంలో ఐదేళ్ళ కింద టెన్త్ పాసైన పిల్లలు ఇప్పుడెక్కడున్నారో ఒక్క బొమ్మ నాకు దొరకదు. మీ దగ్గర గీయడానికి కావలసిన సరుకు ఉంది. దేశంలోని బడుల వివరాలు నమోదయ్యే యూడైస్ ప్లస్‌లో ప్రతి బిడ్డకూ శాశ్వత నంబరుంది, ఇంటర్ అడ్మిషన్ల లెక్క ఉంది, పాలీసెట్ లెక్క ఉంది. పేర్లొద్దు, నంబర్లొద్దు, మండలం వారీగా ఎంతమంది ఏ దారిన పోయారో చాలు. దాన్ని తొమ్మిదో తరగతి గోడకు వేలాడేసే ఒక పటంగా ఇవ్వండి. పేర్లొద్దని ఇంత గట్టిగా అనడానికి కారణముంది. టెన్త్ నామినల్ రోల్, అంటే పరీక్ష రాసే పిల్లల జాబితా, తయారయ్యే రోజుల్లోనే మా పిల్లల ఇళ్ళకు కాలేజీ పీఆర్వోల ఫోన్లు మొదలవుతాయి. నంబర్లు ఎక్కడినుంచి పోతున్నాయో నాకు తెలియదుగానీ, పిల్లవాడి తెల్లదారం కూడా అదే దారిన పోకూడదు.

పాఠ్యపుస్తకం రాసేవాళ్ళకొక మాట. మధ్యగతం, అంటే అంకెల్ని వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చేది, ఆ పాఠం ఎందుకు చెప్తున్నామో మా పిల్లలకు తెలియదు; నాలుగు మార్కులకని అనుకుంటారు. ఊరి మీదికొచ్చే ఇంజినీరింగ్ కాలేజీ కరపత్రంలో ‘హయ్యెస్ట్ ప్యాకేజీ’ అని ఒక్కరి జీతం ఉంటుంది. మరోపక్క కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల కోసం కాలేజీలు నింపే పత్రాల్లో ఎంతమంది చేరారు, ఎంతమంది సమయానికి పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వాళ్ళ జీతాల మధ్యగతం ఎంత అన్నది వరసగా ఉంటుంది. ర్యాంకులు 2016 నుంచి వస్తున్నాయి, పత్రాలు అందరికీ తెరిచే ఉంటాయి. ఆ పట్టిక ఒకటి పుస్తకంలోకి ఎక్కించి, పక్కన కరపత్రంలోని ఒక్క అంకె పెట్టి, రెంటికీ కమ్మీ రేఖాచిత్రం గీయమనండి. మధ్యగతం ఎందుకో ఇంక నేను చెప్పక్కర్లేదు, ఇంటికెళ్ళి వాళ్ళే వాళ్ళ నాన్నకు చెప్తారు.

సాంఖ్యక శాస్త్రవేత్త సి. ఆర్. రావు గారి గురించి కూడా ఆ పాఠంలో ఒక పేజీ ఉంటే బాగుండు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదువుకుని, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎం.ఏ. చేసి, సైన్యపు సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళారు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడ తారసపడ్డ ఒకాయన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్నానంటే, ఆ మాట పట్టుకుని 1941లో అందులో చేరారు. స్టాటిస్టిక్స్‌లో అంతర్జాతీయ బహుమతి 2023లో వచ్చింది, ఆయన నూరేళ్ళు దాటాక. నందిగామ బడిలో ఆయనకు మన గూగుల్ ఫారం ఇచ్చి ఉంటే ఏ చుక్క నొక్కేవారో నేను చాలాసార్లు అనుకుంటాను. ఆ ఉద్యోగానికి అప్పటికి మన ఊళ్ళలో పేరే లేదు.

అడగవలసింది పెద్దదేం కాదు. ఈసారి ఫారం పంపితే ‘ఇతరులు’ తీసేసి ఖాళీగీత పెట్టండి. పిల్లలు తెలుగులోనే, వాళ్ళ యాసలోనే రాస్తారు, చదువుకోవడం మన పని. ఐదింటిలోపు అనకుండా పది రోజుల టైమివ్వండి. సాంఖ్యక శాస్త్రానికి ఇచ్చే పీరియడ్లకు ఇంకో ఆరు కలపండి. ఊళ్ళోని లైన్‌మన్నో, ఏఎన్ఎమ్మో, వెల్డరో, బ్యాంకు క్యాషియరో బడికొచ్చి అరగంట కూర్చోవడానికి ప్రత్యేక అనుమతి అక్కర్లేదని ఒక సర్క్యులర్ ఇవ్వండి. ఇప్పుడు హెడ్మాస్టర్లు దానికే జంకుతున్నారు. ఆ తర్వాత పిల్లలు గీసిన బొమ్మలు పైకి పంపమనకండి. వాటిని చూడాలనుంటే మీరే రండి.

థర్మాకోల్ షీటు స్టాఫ్‌రూం బీరువా వెనక ఉంది. కొత్త బ్యాచ్ కోసం పాత దారాలు విప్పేశాం, వేలాడిన ఆ ఒక్కటి తప్ప. మీరొచ్చిన రోజున మీ దారం కూడా కట్టాలని పిల్లల షరతు: ఎడమవైపు మీ అమ్మగారి పని, నాన్నగారి పని, కుడివైపు, ఇప్పుడున్న ఉద్యోగం కాదు, టెన్త్‌లో మీరు అనుకున్నది. రెండు దారాలు కట్టినా పర్వాలేదు. దారం మా దగ్గరుంది.

ఇట్లు,
ఒక లెక్కల టీచరు,
నిజామాబాద్ జిల్లా